పాఠకుల ప్రశ్నలు: ద్రాక్ష ఒకటే, వైన్ మాత్రం ఊరికొక తీరు

త్ర్యంబకేశ్వర యాత్ర గురించి ఈ శీర్షికలో రాసినప్పుడు, నాసిక్ చుట్టుపక్కల వైనరీలు ఉన్నాయనీ, వాటిని చూడటానికి జనం బాగానే వెళ్తున్నారనీ ఒక్క వాక్యంలో ప్రస్తావించి ఊరుకున్నాం. యాత్ర మీద వచ్చిన ఉత్తరాల కంటే ఆ ఒక్క వాక్యం మీద వచ్చినవే ఎక్కువయ్యాయి కనుక, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం. మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు ఉన్న దుకాణంలో వైన్ తప్ప తక్కినవన్నీ దొరుకుతాయి కాబట్టి ముందే ఒక మాట చెప్పాలి: ఇక్కడ వైన్ అంటే ద్రాక్షరసం పులిసి తయారైనది మాత్రమే. విడిగా కాచిన మద్యాన్ని అందులో కలిపే పోర్ట్ ఒక్కటే దీనికి మినహాయింపు. దాని సంగతి కూడా ఒక పాఠకుడు అడిగారు.

ప్రశ్న: మా అబ్బాయితో త్ర్యంబకం వెళ్లి వస్తూ, నాసిక్ దగ్గర ఒక వైనరీలో సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్లవైన్ రుచి చూశాను. సంక్రాంతికి మా బావగారింట్లో అదే ద్రాక్షతో చేసిన న్యూజిలాండ్ వైన్ ఇచ్చారు. రెండింటికీ పోలికే లేదు. సీసా మీద ద్రాక్ష పేరు ఒకటే అయినప్పుడు రుచి ఇంతగా ఎందుకు మారుతుంది? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ ఇంటి ముందు పారే గోదావరి పుట్టింది ఆ త్ర్యంబకం కొండల్లోనే అయినా, నాసిక్ వాతావరణానికీ మీ ఊరి వాతావరణానికీ పోలిక ఎంత తక్కువో జనవరిలో అక్కడ ఒక రాత్రి గడిపిన మీకు తెలిసే ఉంటుంది. నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో పగలు 28, 30 డిగ్రీల దాకా ఎండ కాసినా, తెల్లవారుజామున 10 డిగ్రీలకూ, ఒక్కోసారి అంతకంటే కిందికీ దిగుతుంది. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ తెల్లవారుజాముల్లోనే ఉంది.

ద్రాక్ష పండేటప్పుడు గింజ చుట్టూ ఉన్న రసంలో రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి: తీపి పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. ఆ పులుపులో ముఖ్యమైనవి రెండు ఆమ్లాలు. ఒకటి మన చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం. ఇది మొండిది, వేడికి అంతగా లొంగదు. రెండోది యాపిల్‌కు పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం. వేడి ఎక్కువైన కొద్దీ ద్రాక్ష దీన్ని తన శ్వాసకే ఖర్చు పెట్టేసుకుంటుంది. రాత్రి చల్లగా ఉంటే ఆ ఖర్చు తగ్గి పులుపు నిలుస్తుంది, వెచ్చగా ఉంటే తీపి మిగిలి పులుపు పోతుంది. పులుపు పోయిన తెల్లవైన్ ఉప్పు వేయని పప్పులా చప్పగా, మొద్దుగా ఉంటుంది.

న్యూజిలాండ్ నుంచి మనకు వచ్చే సావిన్యోన్ బ్లాంక్‌లో ఎక్కువ భాగం దక్షిణ దీవి ఉత్తరపు కొసన ఉన్న మార్ల్‌బరో ప్రాంతానిది. అక్కడ ద్రాక్షను పెద్ద ఎత్తున నాటడం 1973లోనే మొదలైంది. వైన్ లోకంలో అది నిన్నటి మాట. భూమధ్యరేఖకు 41 డిగ్రీల దక్షిణాన ఉండటం వల్ల వేసవి పగళ్లు పొడవు, ఎండ నిర్మలం, రాత్రులు చల్లన. అక్కడ కోతలు మార్చి, ఏప్రిల్ నెలల్లో, అంటే వాళ్లకు శరదృతువులో జరుగుతాయి. పండు చలికాలానికి ఎదురు నడుస్తూ పండుతుంది కనుక చివరి వారాల్లో కూడా దాని పులుపు పెద్దగా కరగదు. బావగారింట్లో గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే పచ్చి క్యాప్సికం కోసినట్టు, కోసిన గడ్డి వాసన వచ్చినట్టు, ఆ వెనకే ప్యాషన్ ఫ్రూట్ గుప్పున కొట్టినట్టు అనిపించి ఉంటుంది. అది మార్ల్‌బరో ముద్ర.

నాసిక్‌లో ఈ క్రమం తలకిందులు. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి లేదు కనుక తీగ నిద్రపోదు. రైతే కత్తెరతో దాని ఏడాదిని నిర్ణయిస్తాడు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కత్తిరించి కొమ్మను బలపడనిస్తాడు. వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మళ్లీ కత్తిరించి, ఈసారి పూతకూ కాయకూ వదులుతాడు. వానాకాలంలో కాయ పండితే బూజు తెగుళ్లు మిగల్చవు కాబట్టి ఈ ఏర్పాటు. కాయ చలికాలంలో ఎదిగి, జనవరి నుంచి మార్చి లోపల కోతకు వస్తుంది. గమనించండి, ఇక్కడ పండు ఎండాకాలం వైపు నడుస్తూ పండుతోంది. జనవరి మొదట్లో కోస్తే కొంత క్యాప్సికం వాసనా, పులుపూ మిగులుతాయి. మూడు వారాలు ఆగితే జామపండు వాసనలు వస్తాయి కానీ పులుపు జారిపోతుంది. చలిదేశంలో కోత రెండు మూడు రోజులు ఆలస్యమైనా సర్దుకోవచ్చు, నాసిక్‌లో ఆ రెండు మూడు రోజులే వైన్ తీరును మార్చేస్తాయి.

నేను ఒక జనవరి ఉదయం దిండోరి వైపు ఒక తోటలో ఈ తంతు దగ్గరగా చూశాను. ఎండ ముదరకముందే, ఇంకా వేళ్లు కొంకర్లు పోతున్న చలిలో, తోట పర్యవేక్షకుడు వరసకు నాలుగు గుత్తుల చొప్పున ఎండ తగిలే వైపు ఒక పండు, నీడవైపు ఒక పండు తెంపి సంచిలో వేసుకుని నలిపాడు. అరచేతిలో పట్టే ఒక గొట్టం లాంటి పరికరం గాజు పలక మీద ఆ రసపు చుక్క వేసి, వెలుతురుకు ఎత్తి చూసి ‘ఇరవై ఒకటిన్నర’ అన్నాడు. నూరు గ్రాముల రసంలో ఇరవై ఒకటిన్నర గ్రాముల చక్కెర అని దాని అర్థం. ఆ తర్వాత చేసిన పనే నాకు బాగా గుర్తుండిపోయింది. నలిపిన పండు లోపలి గింజను పంటి కింద పెట్టి కొరికాడు. పచ్చగా, వగరుగా ఉంటే ఇంకా సమయం ఉందనీ, గోధుమరంగుకు తిరిగి వేయించిన పల్లీలా పటుక్కుమంటే కోతకు వచ్చిందనీ చెప్పాడు. గొట్టం ఎంత చెప్పినా చివరి మాట పంటిదేనట.

2000లో తొలి వైన్‌ను విడుదల చేసిన సులా అనే వైనరీ నాసిక్‌కు ఈ పేరు తెచ్చిపెట్టింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష శుద్ధి పరిశ్రమ విధానం తెచ్చి పన్ను రాయితీలు ఇచ్చాక మిగతావాళ్లు వచ్చారు. ఇప్పుడు నాసిక్ లోయ వైన్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే నా మట్టుకు నాసిక్ సహజ స్వభావం సావిన్యోన్ కంటే షెనిన్ బ్లాంక్ అనే మరో తెల్ల ద్రాక్షలోనే బాగా పలుకుతుంది. ఫ్రాన్సులోని లువార్ నదీతీరం దాని పుట్టిల్లు. వేడిలోనూ పులుపును ఓ మాదిరిగా నిలబెట్టుకోవడం దాని గుణం. ఈసారి వెళ్లినప్పుడు దాన్ని అడిగి చూడండి.

ప్రశ్న: వ్యవసాయ శాఖలో నేలల పరీక్ష చూసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఫ్రాన్సు పర్యటనలో శాబ్లీ అనే ఊళ్లో గైడు ఒక రాయి చూపించి, అందులోని ఆల్చిప్పల రుచి వైన్‌లోకి వస్తుందని చెప్పాడు. నా చదువు ప్రకారం అది కుదరని పని. ఎవరిది తప్పు? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: మీ చదువుదే ఒప్పు. కానీ గైడును కూడా పూర్తిగా కొట్టిపారేయవద్దు. ఆయన చూపించిన రాయిలో ఆల్చిప్పలు నిజంగానే ఉన్నాయి. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట ఆ ప్రాంతం లోతులేని సముద్రం. వేలిగోరంత చిన్న ఆల్చిప్పలు సున్నపురాయిలో, సున్నపు బంకమట్టిలో కలిసి గట్టిపడ్డాయి. తీగ వేరు మాత్రం ఆ రాయిని కొరికి రుచిని పైకి పంపదు. పొటాషియం, కాల్షియం వంటివి నీటిలో కరిగిన అయాన్లుగానే వేరులోకి వెళ్తాయి. వైన్‌లో మిగిలే ఆ కొద్దిపాటి ఖనిజాలకు మన ముక్కుకు అందే వాసన ఏదీ లేదు. శాబ్లీ వైన్‌లో తగిలే ఆ గీసుకుపోయే పులుపు చలి ఇచ్చిన పులుపు. చలి అంటే మామూలు చలి కాదు. కొత్త చిగుళ్లు వేసిన ఏప్రిల్‌లో మంచు కురిసి తోటలు మాడిపోకుండా, రాత్రంతా తీగల మీద నీళ్లు చిమ్మి చిగురు చుట్టూ మంచుగడ్డ కట్టనిస్తారు. నీరు గడ్డకడుతూ విడిచే వేడి చిగురును సున్నా డిగ్రీల దగ్గరే ఆపుతుందన్నది అందులోని కిటుకు.

నేల రుచిని నేరుగా ఇవ్వదు కానీ, నీటినీ వేడినీ తీగకు ఎంత అందించాలో నేలే తేలుస్తుంది. ఈ విషయంలో మన రైతు భాష ఫ్రెంచి భాషకు ఏమాత్రం తీసిపోదు: మెరక, పల్లం అనే రెండు మాటలు చాలు. ఫ్రాన్సులోని బుర్గుండి ప్రాంతంలో క్లో ద వూజో అనే తోట ఉంది. సిస్టర్షియన్ సన్యాసులు 12వ శతాబ్దంలో మొదలుపెట్టి, చుట్టూ రాతిగోడ కట్టిన తోట అది. విస్తీర్ణం దాదాపు 50 హెక్టార్లు. ఇప్పుడు దానికి 80 మంది దాకా యజమానులు. అందరూ పినో నువార్ అనే ఎర్ర ద్రాక్షనే పెంచుతారు, అందరి సీసాల మీదా అదే తోట పేరు, అదే హోదా. అయినా గోడ లోపల పైభాగాన ఉన్న మెరక పొలానికీ, రహదారిని ఆనుకున్న పల్లపు పొలానికీ తేడా తాగేవాడికి తెలిసిపోతుంది. పైన పలచటి మట్టి, కింద సున్నపురాయి. వాన పడితే నీరు జారిపోతుంది. తీగకు కొంచెం దాహం మిగులుతుంది కనుక కాయ చిన్నదై, తోలు మందమై, రసం చిక్కబడుతుంది. కింద బంకమట్టి నీటిని పట్టి ఉంచుతుంది. తీగ సుఖంగా పెరిగి ఆకు ఎక్కువ, కాయ లావు, రసం పలచన. ఒకే ఆయకట్టు కింద మెరక వరికీ పల్లపు వరికీ తేడా చూసిన మీకు ఇది వింతగా తోచదు.

బుర్గుండి రైతులు ఈ తేడాలను శతాబ్దాల తరబడి గమనించి, పొలానికొక పేరు పెట్టి, హద్దులు గీసి, చట్టంలోకి ఎక్కించారు. అలాంటి 1,247 తునకలను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫ్రాన్సులోనే మరో వైన్ ప్రాంతమైన బోర్డో వాళ్ల పద్ధతి వేరు. వాళ్లు 1855లో ఎర్రవైన్లకు చేసిన వర్గీకరణలో హోదా ఇచ్చింది పొలానికి కాదు, ఎస్టేటుకు. అయితే ద్రాక్ష ఎంపికలో అక్కడా నేలే మాట చెల్లించుకుంది. నదికి ఎడమ గట్టున గులకరాళ్ల నేల నీటిని వదిలేసి పగటి వేడిని దాచుకుంటుంది కనుక ఆలస్యంగా పండే కాబెర్నే సావిన్యోన్‌కు అనువు. కుడి గట్టున చల్లటి బంకమట్టిలో ఆ ద్రాక్ష పండటం కష్టం కనుక, త్వరగా పండే మెర్లోను ఎక్కువగా నాటారు. ఎడమ గట్టు వైన్ చిన్నప్పుడు వగరుగా, బిగుసుకుని ఉండటానికీ, కుడి గట్టు వైన్ మెత్తగా ఉండటానికీ అసలు కారణం ఇదే.

ప్రశ్న: జూలైలో మా అత్తమామలను నాపా చూపించడానికి తీసుకెళ్లాం. పొద్దున్న దక్షిణాన కార్నెరోస్‌లో అత్తయ్యగారికి స్వెట్టర్ కప్పాల్సి వచ్చింది, మధ్యాహ్నానికి ఉత్తరాన కాలిస్టోగాలో చెమటలు. ఉత్తరానికి వెళ్తుంటే చల్లబడాలి కదా? వైన్ మీద దీని ప్రభావం ఏమిటి? (ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: మీ అత్తగారి స్వెట్టరే మీ ప్రశ్నకు సగం జవాబు చెప్పేసింది. నాపా లోయకు దక్షిణపు కొస సాన్ పాబ్లో అఖాతం మీదికి తెరుచుకుని ఉంటుంది. వేసవిలో కాలిఫోర్నియా లోతట్టు మైదానం కాగి, గాలి పైకి లేచి, ఆ ఖాళీలోకి చల్లటి పసిఫిక్ గాలినీ దానితో పాటు పొగమంచునూ లాక్కుంటుంది. ఆ మంచు రాత్రి దక్షిణం నుంచి లోయలోకి పాకి, ఉదయం ఎండకు వెనక్కి తగ్గుతుంది. సుమారు 50 కిలోమీటర్ల పొడవున్న లోయలో ఉత్తరపు చివర దాకా అది చేరేది తక్కువ. కాలిస్టోగాకు మూడు వైపులా కొండలే. అందువల్ల అక్కడ దిక్సూచి తిరగబడినట్టే: దక్షిణం చల్లన, ఉత్తరం వేడి. కార్నెరోస్‌లో పినో నువార్, షార్డనే అనే తెల్ల ద్రాక్ష పెంచడానికీ, పైకి వెళ్లేకొద్దీ కాబెర్నే రావడానికీ కారణం అదే. నాపా కాబెర్నే నల్లగా, పండుతనంతో, 14 శాతం దాటిన ఆల్కహాలుతో నోరు నిండుతుంది. సంప్రదాయపు బోర్డో అంతకంటే సన్నగా, పొడిగా ఉంటుంది.

1976 మే 24న పారిస్‌లో సీసాలకు ముసుగు వేసి ఫ్రెంచి నిపుణుల చేత రుచి చూపిస్తే, ఎర్రవైన్లలో నాపాలోని స్టాగ్స్ లీప్ వారి 1973 కాబెర్నే, తెల్లవాటిలో కాలిస్టోగాలోని షాటో మాంటెలీనా వారి 1973 షార్డనే మొదటి స్థానాల్లో నిలిచాయి. నాపా వాళ్లు ఈ కథను వచ్చిన ప్రతివారికీ చెప్తారు, మీకూ చెప్పే ఉంటారు. బహుశా చెప్పకుండా వదిలేసేది ఒకటుంది: ఆ గెలిచిన షార్డనేకు వాడిన ద్రాక్షలో ఎక్కువ భాగం పక్కనున్న సొనోమా కౌంటీ నుంచి వచ్చింది. వైనరీ ఉన్న ఊరు వేరు, ద్రాక్ష పండిన ఊరు వేరు కావచ్చన్న మాట. అందుకే భవనం అందం చూసి మురిసిపోకుండా సీసా మీద ప్రాంతం పేరు చదవాలి. అమెరికా నియమం ప్రకారం ‘నాపా వ్యాలీ’ అని రాయాలంటే కనీసం 85 శాతం ద్రాక్ష ఆ ప్రాంతంలోనే పండి ఉండాలి.

ప్రశ్న: మా చిన్నతనంలో హైదరాబాద్ చుట్టూ ద్రాక్ష పందిళ్లు ఉండేవి. అనాబ్-ఎ-షాహీ అంటే దేశమంతా పేరు. అంత ద్రాక్ష ఉండి కూడా మనకు నాసిక్ లాంటి పేరు ఎందుకు రాలేదు? (ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: అనాబ్-ఎ-షాహీని 19వ శతాబ్దం చివర్లో హైదరాబాద్‌లో ప్రచారంలోకి తెచ్చిన ఘనత అబ్దుల్ బాకర్ ఖాన్‌కు దక్కుతుంది. లావుపాటి, లేత తేనెరంగు పండు. గుత్తి బరువుకు పందిరి వంగేది. తినడానికి అది రాజా పండే, పేరులోనే ‘షాహీ’ ఉంది. కానీ తినే పండులో మనం మెచ్చుకునే గుణాలన్నీ వైన్‌కు లోపాలే. పెద్ద పండంటే నీరెక్కువ. తోలు పలచనైతే రంగూ వగరూ తక్కువ. వైన్ ద్రాక్ష మన రేగిపండులో సగం కూడా ఉండదు, తోలు మందం, లోపల గింజలు, నోట్లో వేసుకుంటే తీపితో పాటు పులుపు, వగరు కలిసి కొడతాయి.

లెక్క కూడా చూడండి. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాలు వస్తుంది. నూటికి 16 పాళ్ల చక్కెర ఉన్న తినే ద్రాక్షతో చేస్తే తొమ్మిది శాతం దగ్గర ఆగిపోతుంది. నిలవ ఉండే వైన్‌కు 12, 13 కావాలి. బయటి చక్కెర పోసి పులియబెట్టవచ్చు, పోసినవాళ్లూ ఉన్నారు. ఫలితం తీపి కషాయంలా ఉంటుందే తప్ప అందులో ఊరి పేరు వినిపించదు. దానికి తోడు, మన దగ్గర మార్చి రాత్రులు నాసిక్ జనవరి రాత్రుల్లా పులుపును కాపాడవు. తర్వాత నగరం పెరిగి, పందిళ్లు ఉన్నచోట ప్లాట్లు పడ్డాయి. ఎకరం ధర ఆ స్థాయికి వెళ్లాక ఏ ద్రాక్షా నిలబడేది కాదు.

తెలుగువాళ్లు ఈ రంగంలో లేరని మాత్రం అనుకోవద్దు. గ్రాన్యూల్స్ ఔషధ సంస్థకు చెందిన హైదరాబాద్ దంపతులు కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఉమ చిగురుపాటి కర్ణాటకలోని హంపి కొండల్లో తోట వేసి, ఇద్దరి పేర్లూ కలిసేలా క్రిస్మా అని పేరు పెట్టి, అక్కడే పండిన ద్రాక్షతో కాబెర్నే సావిన్యోన్, ఇటలీకి చెందిన సాంజోవేజే వంటి రకాలు చేస్తున్నారు. హిందూపురం వాళ్లకు పొరుగున ఉన్న నంది కొండల దిగువన కన్వల్ గ్రోవర్ నాటిన తోటలు ఇంకా పాతవి. బెంగళూరు పీఠభూమి 900 మీటర్ల ఎత్తు వల్ల అక్కడ ఎండ నాసిక్ కంటే మెత్తన. నంది కొండల ఎర్రవైన్‌లో నాకు కనిపించే గుణం తొందరలేకపోవడం: వేడిదేశపు వైన్లలో తరచూ వచ్చే ఉడికిన పండు వాసన అందులో తక్కువ.

ప్రశ్న: గోవా నుంచి ‘పోర్ట్ వైన్’ తెచ్చుకున్నాం. తీపి దగ్గుమందులా ఉంది. పోర్చుగల్ పోర్ట్ ఇలాగే ఉంటుందా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ఉండదు. గోవా చౌక పోర్ట్‌లు చాలావరకు బెంగళూరు బ్లూ అనే ద్రాక్షతో చేసినవి. ఐరోపా వైన్ ద్రాక్షకు ఇది దూరపు చుట్టం. అమెరికా అడవి ద్రాక్ష వంశం. దానికొక ఘాటైన తీపి వాసన ఉంది, ద్రాక్ష రుచి చాక్లెట్లలోనూ శీతల పానీయాల్లోనూ వచ్చేది అదే. మీకు దగ్గుమందు గుర్తుకు వచ్చిందంటే మీ ముక్కు సరిగానే పనిచేస్తోంది. జ్యూసుకు అది మంచి పండు, దాని తప్పేమీ లేదు.

అసలు పోర్ట్ ఉత్తర పోర్చుగల్‌లోని దూరో లోయది. అక్కడ కొండవాలు మీద మెట్లుమెట్లుగా, పలకలు పలకలుగా చీలే షిస్ట్ రాతిలో తీగలు నాటుతారు. వేసవి నిప్పులు చెరుగుతుంది, వేళ్లు రాతి చీలికల్లోంచి లోతుకు దిగి నీరు వెతుక్కుంటాయి. 1756లో మార్కెస్ ద పొంబాల్ ప్రభుత్వం ఈ ప్రాంతానికి హద్దులు గీసి, నకిలీని అరికట్టడానికి చట్టం చేసింది. ప్రపంచంలో వైన్‌కు తొలినాటి హద్దుల చట్టాల్లో అదొకటి. రసం సగం పులిసేసరికి, సుమారు 77 శాతం ఆల్కహాలున్న ద్రాక్ష మద్యాన్ని అందులో పోస్తారు. ఆ దెబ్బకు ఈస్ట్ చచ్చి, పులియడం ఆగి, ద్రాక్ష సొంత తీపి మిగిలిపోతుంది. అందులో కలిపిన చక్కెర లేదు. ఆ తీపి వెనక మందపు తోలు ఇచ్చిన వగరు గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక నోటికి మొహం మొత్తదు. పీపాలో ఏళ్ల తరబడి మగ్గినదైతే ఎండుఖర్జూరం, బాదం గుర్తుకు తెస్తుంది.

ప్రశ్న: ఆవకాయ, గోంగూర మాంసం ఉన్న భోజనంతో ఏ వైన్ సరిపోతుంది? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ఆవకాయతో మజ్జిగ సరిపోతుంది. తప్పదంటే, ఎర్రవైన్ జోలికి వెళ్లకండి. దాని వగరు, ఆల్కహాలు రెండూ మీ గుంటూరు కారాన్ని ఇంకా మండిస్తాయి. బాగా చల్లబరిచిన, కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ గోంగూర పులుపు పక్కన ఓ మాదిరిగా నిలుస్తుంది. కారం తగ్గించిన వేపుడుకైతే మంచి జోడీయే.

ప్రశ్న: బహుమతిగా వచ్చిన తెల్లవైన్ సీసాను ఫ్రిజ్‌లో పెడితే అడుగున గాజు పలుకుల్లాంటివి తేలాయి. భయపడి మా ఆవిడ పారబోయమంటోంది. కల్తీ అనుకోవాలా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: పారబోయకండి. మొదటి జవాబులో చెప్పిన చింతపండు ఆమ్లం, ద్రాక్షలోని పొటాషియంతో కలిసి చల్లదనానికి గడ్డకట్టి పలుకులుగా మారింది. ద్రాక్ష పండేటప్పుడు ఆ ఆమ్లం కరిగిపోకుండా నిలిచిందనడానికి అదొక గుర్తు. పెద్ద వైనరీలు సీసాల్లో నింపకముందే తొట్టెలను సున్నా డిగ్రీల కిందికి చల్లబరిచి ఈ పలుకులను అక్కడే రాలగొడతాయి. మీ వైన్ చేసినవాళ్లు ఆ పని చేయలేదు, అంతే. ఒకటి రెండు వేలి మీదికి తీసుకుని మీ ఆవిడకు చూపించండి: గాజైతే గుచ్చుకుంటుంది, ఇది గోటితో నొక్కితే పొడి అవుతుంది, వేడినీళ్లలో వేస్తే కరుగుతుంది. సీసాను ఒక గంట నిటారుగా నిలబెట్టి, తొందరపడకుండా వంపితే పలుకులు అడుగునే ఉండిపోతాయి. చివరి రెండు గుక్కలు మాత్రం సీసాలోనే వదిలేయండి.